మా ఊరి పొదుపు సంఘం చరిత్ర రాయాలంటే ఏ పుస్తకాన్ని నమ్మాలి?

చంద్రగిరి పిల్ల:
మాది చంద్రగిరి దగ్గర పల్లె. మా అమ్మావాళ్ల పొదుపు సంఘం చరిత్ర రాసిపెట్టాలని ఉంది. మొదట్లో చేరినవాళ్లలో కొందరు ఇప్పటికే పోయారు. సంఘం ఎప్పుడు పెట్టారంటే తలా ఒక మాట చెప్తున్నారు. అమ్మ "సారా ఆపేసిన కాలంలో" అంటుంది, ఎదురింటి అత్త "వెలుగు వాళ్లొచ్చి పెట్టించారు" అంటుంది (వెలుగు అంటే పేదరికం తగ్గించే సర్కారు పథకం). ట్రంకు పెట్టెలో తీర్మానాల పుస్తకాలు, పాస్ పుస్తకాలు, ఒక చిన్న నోటుబుక్కు దొరికాయి. తీర్మానాల పుస్తకం మొదటి పేజీలను చెదలు తినేశాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

పుస్తకాలక్క:
పాపా, మంచి పని పెట్టుకున్నావు. నేను పాకాల పక్క సంఘాలకు చానా ఏండ్లు లెక్కలు రాశాను కాబట్టి చెప్తున్నా.

మీ అమ్మ మాటా నిజమే, మీ అత్త మాటా నిజమే అయ్యుండొచ్చు. సారా మీద ఆడోళ్ల పోరు 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో లేచింది. 1993 అక్టోబరులో సారా ఆపేశారు. డ్వాక్రా పథకం 1982 నుంచే ఉన్నా, రోజుకు రూపాయి దాచుకునే గ్రూపులు ఊరూరా పుట్టింది ఆ పోరు తర్వాతే. వెలుగు 2000లో వచ్చింది, మొదటి విడత ఆరు జిల్లాల్లో మన చిత్తూరు ఒకటి. అప్పటికే ఉన్న గ్రూపులను కలిపి గ్రామ సమాఖ్య, దానిపైన మండల సమాఖ్య కట్టించారు. సమాఖ్య నాటికి చేరినవాళ్లకు సంఘమంటే అదే గుర్తుంటుంది. పాస్ పుస్తకం తెరిచి చూడు. నెలకు 30 రూపాయల లెక్కన కట్టుంటే పాత గ్రూపే అయ్యుంటుంది, తేదీ కూడా అక్కడే ఉంటుంది.

ఇంక అసలు మాట. తీర్మానాల పుస్తకం చూసి చరిత్ర రాయొద్దు. అది బ్యాంకు కోసం, పై నుంచి వచ్చే సార్ల కోసం రాసింది. "పాడి ఆవు కొనుగోలు నిమిత్తం" అని పేజీలకు పేజీలు ఉంటుంది. ఆ ఆవుల్లో సగం ఊళ్లోకి రాలేదు. బిడ్డ పెళ్లికో, బోరు వేయనో, నాయన ఆపరేషనుకో ఆ డబ్బు పోయింది. ఆవు అని రాస్తేనే లోను వస్తుందని అందరికీ తెలుసు. అందులో వాళ్ల తప్పేమీ లేదు, అవసరం అట్లాంటిది.

నిజం ఉండేది నువ్వు చివర్లో చెప్పిన ఆ చిన్న నోటుబుక్కులో. సంఘం డబ్బులోంచి సభ్యులు తమలో తాము తీసుకున్న చిన్నప్పులు దాంట్లో రాస్తారు. ఎవరికీ చూపించే పని లేదు కాబట్టి ఉన్నదున్నట్టు ఉంటుంది. "రుయాకు పోను 150" (రుయా అంటే తిరుపతి సర్కారు ఆస్పత్రి), "శనక్కాయ విత్తనాలకు 300", "జాతరకు గుడ్డలు 200". బయట నూటికి అయిదు వడ్డీకి తెచ్చే రోజుల్లో మేము మాలో మాకు రెండు రూపాయలకు ఇచ్చుకునేవాళ్లం. ఏ నెలలో ఎంతమంది అడిగారో వరసగా చూసుకుంటూ పో. జూన్‌లో విత్తనాలు, బడి ఫీజులు ఒక్కసారే మీదపడతాయి. వాన రాని ఏడు కొట్టొచ్చినట్టు తెలిసిపోతుంది. మీ ఊరి కథ ఆ లెక్కల్లోనే ఉంది.

ఇంకొకటి. లీడర్ల పేర్లు రాసి ఊరుకోవద్దు. సంఘంలోంచి తప్పుకున్నోళ్లను కూడా అడుగు. 2010కి ముందు ప్రైవేటు ఫైనాన్సు వాళ్ల వారం కిస్తీలకు చిక్కి, ఆ కిస్తీ కట్టలేక, ఇక్కడ పొదుపూ కట్టలేక సిగ్గుతో మానుకున్న ఆడోళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ ఏడు అక్టోబరులో ఆ ఫైనాన్సు వాళ్లను కట్టడి చేసే సర్కారు ఆర్డినెన్సు వచ్చేసరికే చానామంది దూరమయ్యారు. వాళ్లను మీటింగులో నలుగురి ముందర అడగొద్దు పాపా. ఇంటికి పోయి, కూచొని, వాళ్లు చెప్పినంత విను.

సహకారం సారు:
అక్కయ్యగారు చెప్పింది సత్యం. ఒక్క విషయం కలుపుతాను. మండల సమాఖ్య 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద రిజిస్టర్ అయ్యి ఉంటే, నియమావళి, మొదటి సభ్యుల సంతకాలు జిల్లా సహకార అధికారి కార్యాలయానికి చేరి ఉంటాయి. 1964 సహకార సంఘాల చట్టం కింద సొసైటీల మీద ప్రభుత్వం పెత్తనం జాస్తి. 1995 చట్టంలో ప్రభుత్వ వాటా ధనం ఉండదు, పాలకవర్గాన్ని సభ్యులే ఎన్నుకుంటారు. చదువు లేని ఆడవాళ్లు అలాంటి సంఘాన్ని నడిపారంటే అది చిన్న సంగతి కాదమ్మా, తప్పకుండా రాయి. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది కాబట్టి, అంతకుముందు కాగితాల కోసం చిత్తూరులోనూ అడుగు.

చంద్రగిరి పిల్ల:
అక్కా, పాస్ పుస్తకంలో మొదటి కిస్తు 1996 ఆగస్టు, 30 రూపాయలు. అమ్మ గెలిచింది! చిన్న నోటుబుక్కులో ఒకావిడ పేరు పక్కన వరసగా "బియ్యం" అని ఉంది, నాలుగైదు నెలలు. తర్వాత ఆ పేరే లేదు. ఎవరని అడిగితే అమ్మ మాట మార్చేసింది.

పుస్తకాలక్క:
అయితే ఇప్పుడు అమ్మను తొందరపెట్టొద్దు. ఆమె బతికుంటే, ఆమె ఒప్పుకుంటేనే పేరు రాయి, లేకుంటే "ఒక సభ్యురాలు" అని చాలు. బియ్యం సంగతి మాత్రం వదలొద్దు. ఈలోపు ఆ నోటుబుక్కులో ప్రతి పేజీకీ ఫోటో తీసి పెట్టుకో, పెన్సిల్ రాతలు చానా వరకు చెరిగిపోయుంటాయి, ఎండ పొద్దులో ఏటవాలుగా పట్టుకుంటే కనపడతాయి.