సమస్యాపూరణం: దీపమార్పిన యంతనే తెలిసె పోరు

నిర్వాహకుడు:
ఈ వారం విషయం 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' 8వ సీజన్ 3వ భాగం, 'ది లాంగ్ నైట్'. వింటర్‌ఫెల్ కోట దగ్గర చచ్చి లేచిన మూకలతో 82 నిమిషాల రాత్రి యుద్ధం. 2019 ఏప్రిల్ 28 ఆదివారం రాత్రి అమెరికాలో ప్రసారమైంది, మనకు మర్నాడు సోమవారం పొద్దున ఆరున్నరకు హాట్‌స్టార్‌లో వచ్చింది. చూసినవాళ్ళలో సగం మంది శత్రువుల రాజును చంపిన ఆర్యను మెచ్చుకుంటే మిగతా సగం "ఏమీ కనబడలేదు మహాప్రభో" అన్నారు. ఆ గొడవ మీదే ఈ సమస్య. కింది పాదం చివరిదిగా వచ్చేలా, ముందు మూడు పాదాలు రాసి పద్యం పూరించాలి.

దత్తపాదం: దీపమార్పిన యంతనే తెలిసె పోరు

ఛందస్సు తేటగీతి: పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. దీప, మార్పిన, యంతనే, తెలిసె, పోరు: వరుసగా హ, భ, ర, న, హ గణాలు. యతి (మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) దీ–తె. ప్రాస నియమం లేదు, ప్రాసయతి చెల్లుతుంది. ఆటవెలదిలో ఇమడ్చవచ్చా అని అప్పుడే ఒకరు అడిగారు. కుదరదు. అక్కడ మొదటి మూడూ సూర్యగణాలు కావాలి, ఇక్కడ మూడోది 'నయంత' అని జగణం పడుతుంది.

ఒక్క హెచ్చరిక. పాదంలో ఉన్నది 'ఆరిన' కాదు, 'ఆర్పిన'. ఎవరు ఆర్పారో పద్యం చెప్పాలి.

కాటుక:
మంటలంటిన కత్తుల మావుదండు
చీకటిం జొచ్చి చుక్కలై చిన్నబోవ
గోడపై నున్న వారికి గుండె జారె
దీపమార్పిన యంతనే తెలిసె పోరు

మంత్రగత్తె మెలిసాండ్రే ఒక్క కత్తిని తాకి మంత్రం చదవగానే, కోట తరఫున పోరాడే దోత్రాకీ రౌతుల కత్తులన్నీ అంటుకుంటాయి. ఆ వెలుగులు దూరంగా వెళ్ళి ఒక్కొక్కటే ఆరిపోతాయి. శత్రువు ఎంతటివాడో చూపరికి మొదట తెలిసేది అక్కడే.

అరసున్న:
కాటుక గారూ, 'చుక్కలై చిన్నబోవ' చాలా బాగుంది. తెర మీద జరిగింది అచ్చంగా అదే. నిప్పుల వరుస చుక్కల వరుసై, ఆ చుక్కలు కూడా మాయమవుతాయి. గణాలు సరే, యతులు సరే. నిర్వాహకులు హెచ్చరించినా మీరు ఆర్పినవాణ్ణి మరిచారు. 'గుండె జారె' దగ్గర వాక్యం ముగిసింది. ఆ తర్వాత దీపం ఎవరు ఆర్పినట్టు? గోడ మీద వాళ్ళా?

కాటుక:
నిజమే. మూడో పాదం మార్చాను:

చచ్చి లేచిన మూకలు సడియె లేక
దీపమార్పిన యంతనే తెలిసె పోరు

అరసున్న:
ఇప్పుడు కర్త దొరికాడు. చ–స యతి చెల్లుతుంది. 'సడియె లేక' అదనపు లాభం. ఆ దృశ్యంలో భయపెట్టేది అరుపులు కాదు, కేకలు దూరమై సద్దుమణిగిపోవడం.

పొద్దుతిరుగుడు:
సోమవారము పొద్దున చూచునపుడు
కిటికి యెండలు తెరమీద గీతగీయ
పరద దించిరి ముందుగ, పక్కగదిని
దీపమార్పిన యంతనే తెలిసె పోరు

ఆరున్నరంటే హైదరాబాదులో అప్పటికి తెల్లవారి అరగంట దాటింది. అమెరికావాళ్ళు రాత్రి చూసి చీకటి అన్నారు, మనవాళ్ళు ఎండలో చూసి చీకటి అన్నారు.

అరసున్న:
యతులు సో–చూ, కి–గీ, ప–ప. మూడూ చక్కగా కుదిరాయి. 'పక్కగది' అనడం అనుభవమున్న మాట. మనం కూర్చున్న గదిలో దీపం తీసేసినా, వెనక తలుపులోంచి వంటింటి ట్యూబ్‌లైటు తెర మీద పడుతూనే ఉంటుంది. ఇలాంటి చీకటి దృశ్యంలో ఆ ఒక్క ప్రతిబింబం చాలు.

నా అభ్యంతరం 'అంతనే' మీద. కన్ను చీకటికి అలవాటు పడడానికి నిమిషాలు పడుతుంది, పూర్తిగా సర్దుకోవాలంటే అరగంట దాకా కావాలి. మధ్యలో ఫోను వెలిగిస్తే చాలావరకు మళ్ళీ మొదటికే. దీపం ఆర్పిన 'అంతనే' పోరు తెలియదు.

నిర్వాహకుడు:
అక్కడ రెండు పనులు జరుగుతాయండీ. కన్ను సర్దుకోవడం నెమ్మది, నిజమే. కానీ తెర అద్దం మీద పడుతున్న వెలుగు మాత్రం మీట నొక్కిన క్షణమే పోతుంది. తెరలోని నల్లటి భాగం నుంచి వచ్చే కాంతి చాలా తక్కువ. దాని మీద గది వెలుగు పడితే నలుపు, ముదురు బూడిద, ఇంకాస్త లేత బూడిద అన్నీ ఒకే మసకగా కనిపిస్తాయి. ఆ పొర తీసేస్తే తేడాలు వెంటనే బయటపడతాయి. కాబట్టి 'అంతనే' నిలుస్తుంది. మిగతాది పది నిమిషాల్లో ఇంకా మెరుగవుతుంది.

'ఆర్పినంతనే' కదా వాడుక అని ఒకరు విడిగా అడిగారు. అత్వసంధి బహుళం, యడాగమంతో 'ఆర్పిన యంతనే' కూడా సాధువే. 'ఆర్పినంతనే' అంటే గణాలు చెడతాయి.

కొత్తపాదం:
టీవిలో బ్రైట్‌నెస్ పెంచిన తెల్లబోయె
బూడిదను తెచ్చి తెరపైన పూసినట్లు
మీటలన్నియు వదలి యామీద నింటి
దీపమార్పిన యంతనే తెలిసె పోరు

మొదటి ప్రయత్నం. తప్పులుంటే చెప్పండి.

అరసున్న:
కొత్తపాదం గారూ, మొదటి పాదం తప్ప అంతా శుభ్రంగా ఉంది. 'బూడిదను తెచ్చి తెరపైన పూసినట్లు' ఈ దారంలో నాకు బాగా నచ్చిన పాదాల్లో ఒకటి. 'వదలి యామీద' కూడా సరైనదే, క్త్వార్థంలోని ఇకారానికి సంధి లేదు.

మొదటి పాదంలో రెండు దోషాలు. 'లో బ్రైట్‌నెస్' చూడండి. లో గురువు, పొల్లు మీద ముగిసిన బ్రైట్ గురువు, నెస్ గురువు. మూడూ గురువులైతే మగణం, అది ఇంద్రగణాల్లో లేదు. రెండోది యతి. టీ–తె కుదరదు, ట వర్గం వేరు, త వర్గం వేరు. ఇంగ్లీషు మాటను పాదంలో పెట్టేటప్పుడు పొల్లుల్ని లెక్కపెట్టుకోండి, చాలామంది అక్కడే జారతారు. ఇలా మార్చి చూడండి:

వెలుగు పెంచిన నలుపెల్ల వెలిసిపోయె

'తెల్లబోయె' పోయిందని బాధపడకండి. తెల్లబోయేది మనిషి, వెలిసిపోయేది రంగు. ఇక్కడ పోయింది రంగే.

పిక్సెలు:
సవరణ బాగుంది. కొత్తపాదం గారి పద్యంలో సంగతి కూడా నిజం కాబట్టి ఆ మీటల గురించి రెండు ముక్కలు. చాలా టీవీల్లో 'బ్రైట్‌నెస్' అనే మీట తెర వెనక దీపాన్ని పెంచదు, నలుపు ఎక్కడ మొదలవ్వాలో ఆ మట్టాన్ని పైకి లేపుతుంది. అందుకే బూడిద. వెనక దీపానికి 'బ్యాక్‌లైట్' అని వేరే మీట ఉంటుంది. కొన్ని కంపెనీలు ఈ పేర్లను తారుమారు చేస్తాయి, కాబట్టి పేరు చూసి కాదు, తిప్పితే ఏం మారుతోందో చూసి తెలుసుకోవాలి.

వరుస ఇది. ముందు పిక్చర్ మోడ్‌ను సినిమాకు మార్చాలి. గది వెలుగును బట్టి తనంతట తానే తగ్గిపోయే ఎకో సెన్సార్‌ను, డైనమిక్ కాంట్రాస్ట్‌ను ఆపాలి. తర్వాత బ్యాక్‌లైట్ పెంచాలి. అప్పుడు దోత్రాకీల వెలుగులు ఆరిపోయే దృశ్యం దగ్గర ఆపి, నలుపు మట్టాన్ని మెల్లగా దించుతూ, ముందు వరుసలో ఉన్నవాళ్ళ దుస్తుల మడతలు మాయం కాబోయే ముందు ఆగాలి. గామా (నలుపు తెలుపుల మధ్య ఛాయలు ఎంత ముదురుగా ఉండాలో చెప్పే అమరిక) 2.4 చీకటి గదికి, వెలుగున్న గదిలో 2.2. ఇంత చేసినా నీడలన్నీ తారు ముద్దలా ఉంటే కేబుల్ అమరిక చూడండి. సెట్‌టాప్ పెట్టె నలుపు నుంచి తెలుపు దాకా 0 నుంచి 255 అంకెల్లో పంపుతుంటే టీవీ 16 నుంచి 235 అనుకుంటోందేమో. అలాగైతే 16 కింద ఉన్నదంతా నలుపులో కలిసిపోతుంది. దానికి తిరగబడితే కొత్తపాదం గారి బూడిదే.

ఇక నా పూరణ:

మంచు పొగలును నొక్కటై మసకలాడ
ప్రసరణపు గొట్టమిరుకయి పగిలె బొమ్మ
దిమ్మ దిమ్మగ నలుపెల్ల తెగిపడంగ
దీపమార్పిన యంతనే తెలిసె పోరు

ఇక్కడ పోరు అంటే యుద్ధం కాదు, వేధింపు. 'సవతి పోరు'లో పోరు.

కాటుక:
అర్థం మార్చి పూరించడం బాగుంది. కానీ దీపం ఆర్పితే బొమ్మ బాగుపడాలి కదా, పగలడమేమిటి?

పిక్సెలు:
పగులు ముందు నుంచీ ఉంది. గదిలో వెలుగున్నప్పుడు కనబడలేదంతే. 8 బిట్ల వీడియోలో నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర, మధ్యలో 219 మెట్లు. ఈ భాగం చాలాసేపు ఆ మెట్ల అడుగునే నడుస్తుంది. పొగ, మంచు తుఫాను లాంటి చోట రంగు మెల్లగా మారాలి. మెట్లు చాలనప్పుడు మబ్బు మీద గట్లు గట్లుగా చారలు వస్తాయి. దానికి తోడు ఎగిరే మంచు ప్రతి ఫ్రేములోనూ కొత్తదే, కుదింపు యంత్రానికి ముందు ఫ్రేము నుంచి తెచ్చుకునేది దాదాపు ఏమీ ఉండదు. ఉన్న కాస్త డేటా మంచు మీద ఖర్చయిపోతే, చీకటి మూలల్ని చదరపు దిమ్మలుగా కొట్టి వదిలేస్తుంది. గది ఎంత చీకటైతే, తెర ఎంత మంచిదైతే ఆ దిమ్మలు అంత బాగా కనిపిస్తాయి. 2020లో వచ్చిన 4కె డిస్కులో 10 బిట్లు, డేటా ఎక్కువ. చారల బాధ అక్కడ బాగా తగ్గుతుంది.

అరసున్న:
'గొట్టమిరుకయి' అచ్చ తెలుగు బ్యాండ్‌విడ్త్! దాచుకుంటాను. కర్త మాత్రం మళ్ళీ లేడు.

పిక్సెలు:
ఇంటింటా ఎవరి దీపం వాళ్ళే ఆర్పుకున్నారు, ఎవరి పేరు రాయను?

నిర్వాహకుడు:
నవ్వొచ్చింది గానీ మార్కు తగ్గుతుంది.

రేచుక్క:
అందరూ టీవీనీ గొట్టాన్నీ అంటున్నారు. తీసినవాళ్ళ తరఫున ఒకటి:

ఏబదైదగు రాత్రుల నెముకచలిని
పగటి వెలుగును కలపక పలుచ నలుపు
ఛాయపట్టెడు నేర్పరి సానపెట్ట
దీపమార్పిన యంతనే తెలిసె పోరు

దర్శకుడు మిగెల్ సపోష్నిక్, ఛాయాగ్రాహకుడు ఫేబియన్ వాగ్నర్. ఉత్తర ఐర్లాండ్‌లోని వింటర్‌ఫెల్ సెట్లో ఆరుబయట దృశ్యాలకే 55 రాత్రులు పట్టింది, ఆ తర్వాత స్టూడియోలో ఇంకొన్ని వారాలు. చీకటి కావాలనే పెట్టామని, చీకటి గదిలో చూడాలని వాగ్నర్ తర్వాత ఇంటర్వ్యూల్లో గట్టిగానే సమర్థించుకున్నాడు.

అరసున్న:
రెండో పాదం చూశారా? మొత్తం పదిహేడు అక్షరాలూ లఘువులే. 'పలుచ నలుపు' అని చెప్తూ పాదాన్నే పలుచగా నడిపారు. 'సానపెట్టి' అని ఉంటే దీపం ఆర్పింది కూడా ఛాయాగ్రాహకుడే అయ్యేవాడు, 'సానపెట్ట' అనడంతో చూపరికి చోటు మిగిలింది.

పిక్సెలు:
పద్యం మంచిదే, వాదం ఒప్పుకోను. ఎలాంటి తెరల మీద చూస్తారో ముందే తెలిసినప్పుడు, చివరి ప్రతిని మామూలు ఎల్‌సీడీ మీద, కుదించిన స్ట్రీములో కూడా ఒకసారి వేసి చూసుకోవాలి. చూపరి టీవీ సరిగా లేదనడం, వంటలో ఉప్పు తక్కువైతే తినేవాడి నాలుకను తప్పుపట్టడమే.

రేచుక్క:
కథలో కూడా అదే కదండీ జరిగింది. కోట చుట్టూ ఉన్న కందకం అంటించమని కోట మీది నుంచి దావోస్ కాగడాలు ఊపినా తుఫానులో డ్రాగన్ మీదున్న రాణి డెనేరిస్‌కు కనబడలేదు. మెలిసాండ్రే వచ్చి అంటించాక గానీ తెర మీద మొహాలు తేటపడవు. కందకం మండేదాకా మనకూ కనబడకూడదనేదే వాళ్ళ ఉద్దేశం.

పిక్సెలు:
ఉద్దేశం సరే. కనబడకపోవడం వేరు, దిమ్మలు కనబడడం వేరు.

నూనెవత్తి:
ఆలస్యంగా వచ్చాను. నాదొకటి:

కన్ను పోయిన నాళ్ళలో కఱ్ఱదెబ్బ
తినుచు చీకటి చదువులు తీర్చికొన్న
యార్య సూదితో వత్తిపై నదను జూచి
దీపమార్పిన యంతనే తెలిసె పోరు

సూది అంటే ఆర్య కత్తి పేరు.

కాటుక:
అబ్బ! 6వ సీజన్ 8వ భాగం. బ్రావోస్ నగరంలో గాయంతో మూల చేరిన ఆర్య, కొవ్వొత్తిని ఒక్క వేటుకు నరికి గది చీకటి చేస్తుంది. చూపు పోయిన రోజుల్లో కర్రతో కొట్టి నేర్పిన ఆ పిల్లతోనే చీకట్లో పోరు.

అరసున్న:
దత్తపాదంలో ఒక్క అక్షరానికి కూడా అర్థం సాగదీయాల్సిన పని పడలేదు. ఆర్పింది ఆర్య, ఆరింది నిజంగా దీపమే, తెలిసింది ఎదుటిదానికి. యా–అ స్వరయతి. 'వత్తిపై నదను జూచి' దగ్గర కొంచెం బిగుతు ఉంది, అదను చూసేది శత్రువు మీద, వత్తి మీద కాదు. అయినా నిర్వాహకులు ఒక సంగతి తేల్చాలి. విషయం 2019 నాటి భాగం, ఈ పద్యం 2016 నాటిది.

నిర్వాహకుడు:
తీసుకుంటున్నాను. దేవవృక్షం దగ్గర, చచ్చి లేచినవాళ్ళ రాజు నైట్ కింగ్ వెనక నుంచి ఆర్య దూకినప్పుడు "ఈ పిల్ల ఎక్కడి నుంచి ఊడిపడింది" అని విసుక్కున్నవాళ్ళు చాలామంది. వాళ్ళకు జవాబు ఆ కొవ్వొత్తి దగ్గరే ఉంది. అభ్యంతరమున్న వాళ్ళు రేపు సాయంత్రంలోగా రాయండి. లేకపోతే ఈ వారం మొదటి స్థానం నూనెవత్తి గారిది, రెండోది సవరించిన కాటుక గారి పద్యం. కొత్తపాదం గారు మొదటి పాదం మార్చి మొత్తం పద్యం మళ్ళీ పెట్టండి, లెక్కలోకి తీసుకుంటాను.

వచ్చే వారానికి ఆటవెలది, సరిపాదం. నేలమాళిగ సమాధుల దృశ్యం గుర్తు చేసుకోండి:

శవము లేచి నిలువ సంతసించె