తెల్లగోడ బూడిద రంగులో పడుతోంది

ప్రశ్న (అమలాపురం):
అన్నలూ, స్టూడియోలో హై కీ పోర్ట్రెయిట్లు (తెల్ల నేపథ్యంతో, వెలుగు నిండుగా ఉండే ఫొటోలు) మొదలుపెట్టాను. మూడు ఫ్లాష్‌లు, ఒక సాఫ్ట్‌బాక్స్ (ఫ్లాష్ వెలుగుని మెత్తబరిచే తెర పెట్టె) ఉన్నాయి. గోడ బూడిదగా వస్తోంది. పవర్ పెంచితే మధుపర్కాల మడతలు, జడలో మల్లెలు వెలుగులో కలిసిపోతున్నాయి. పెళ్లిళ్ల సీజన్, టెన్షన్‌గా ఉంది.

జవాబు (భీమవరం):
తమ్ముడూ, పెళ్లికూతుర్ని గోడకి కనీసం ఆరడుగులు ముందుకి జరుపు. రెండు ఫ్లాష్‌లు గోడకే, చెరో పక్కనుంచి. మూడోది సాఫ్ట్‌బాక్స్‌తో ముఖానికి. వెలుగు కొలిచే మీటర్‌లో ముఖం ఎఫ్ 8 చూపిస్తే గోడకి ఎఫ్ 11, అంటే ముఖం కన్నా రెట్టింపు వెలుగు, చాలు. అంతకు మించితే గోడ వెలుగే తిరిగొచ్చి మల్లెల్ని తినేస్తుంది. పువ్వు రేకులు కనపడని ఫొటో నేనైతే చేతికివ్వను.

జవాబు (పాలకొల్లు):
గది ఇరుకైతే గోడ ఫ్లాష్‌లకి, మనిషికి మధ్య నల్ల అట్టలు నిలబెట్టండి, ఆ వెలుగు మనిషి మీద పడకుండా.

అమలాపురం:
మాది ఇరుకు గదే అన్నా. అట్టలు పెట్టి చూస్తాను.