ఎనర్జీ జర్నల్ విలువ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో తేలుతుందా?

మల్లేశ్వరం_మాస్టారు: బెంగళూరులో మా కాలేజీ కొత్త రూలు పెట్టింది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (సైటేషన్లను బట్టి జర్నల్‌కి ఇచ్చే అంకె) 5 దాటిన జర్నల్లో వస్తేనే పేపరు లెక్కలోకి. సోలార్ సెల్ చేసేవాళ్లకీ, కరెంటు ధరల మీద రాసేవాళ్లకీ ఒకటే గీత. న్యాయమేనా?

వోల్టేజ్_వాసు: న్యాయమే. ఏదో ఒక కొలత ఉండాలి కదా సార్.

పీహెచ్‌డీ_పాపడు: 5 ఎందుకంటే మీ డీన్ పేపర్లు ఎక్కడొచ్చాయో చూడండి సార్ :)

కరెంటు_కమల: కొలత సరే, కొలుస్తున్నది దేన్ని? గత రెండేళ్లలో జర్నల్ వేసిన వ్యాసాలకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను, అంటే వేరే పేపర్లు వాటిని ఉటంకించిన లెక్కను, ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తారు. ఉత్త సగటు. నాలుగైదు పేపర్లకు వందల్లో వస్తే మిగతావన్నీ వాటి పుణ్యాన బతికేస్తాయి. రివ్యూలు (పాత పరిశోధనల్ని సమీక్షించే వ్యాసాలు) ఎక్కువ వేసే జర్నల్‌కి అంకె ఇంకా లేస్తుంది. బ్యాటరీ పేపరుకి ఏడాదిలోనే సైటేషన్లు పడతాయి, పల్లెల్లో వంటచెరకు మీద చేసిన ఫీల్డ్ స్టడీకి రెండేళ్లు ఏ మూలకి? ఇక్కడి సైన్స్ సంస్థ ఐఐఎస్సీలో 1974లో మొదలైన పల్లె టెక్నాలజీ కేంద్రం ఆస్ట్రానే తీసుకోండి. అమూల్య రెడ్డి గారి బృందం తుమకూరు జిల్లా పురా ఊళ్లో గోబర్ గ్యాస్‌తో ఇంజన్ నడిపి లైట్లు వెలిగించింది, నీళ్లు తోడించింది. ఆ పనిని రెండేళ్ల సైటేషన్లతో తూస్తారా?

వోల్టేజ్_వాసు: రెండేళ్లు చాలకపోతే అయిదేళ్ల ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఉంది. సైట్‌స్కోర్ అనే ఇంకో అంకె నాలుగేళ్లది. రంగాల తేడాని సర్దే స్నిప్ అనే కొలత ఉంది. అన్నీ ఉన్నాయి మేడమ్.

పీహెచ్‌డీ_పాపడు: సైట్‌స్కోర్ ఎల్సెవియర్ అనే ప్రచురణ సంస్థది. ఎనర్జీ పాలసీ, అప్లైడ్ ఎనర్జీ జర్నళ్లు కూడా వాళ్లవే. సొంత పిల్లలకి సొంత బళ్లో పరీక్ష!

కరెంటు_కమల: వాసు గారూ, ఎన్ని అంకెలున్నా అవి జర్నల్‌వి. జర్నల్ అంకెను మనిషికి అంటగట్టొద్దని పరిశోధనను ఎలా అంచనా వేయాలో చెప్పే డోరా ప్రకటన 2012లోనే చెప్పింది. మీటర్లు లేని పంపుసెట్లు ఎంత కరెంటు తాగుతున్నాయో లెక్కగట్టి నేనో పేపరు రాశాను. చిన్న జర్నల్. ప్రమోషన్ ఇంటర్వ్యూలో ఒకాయన జర్నల్ పేరు చూసి పక్కన పడేశాడు. లోపల ఒక్క పేజీ తిప్పలేదు.

వోల్టేజ్_వాసు: ఓహో, అసలు ఏడుపు ఇదా!

కరెంటు_కమల: మాట జాగ్రత్త.

వోల్టేజ్_వాసు: మరి నాదీ వినండి. ‘అంకెలు కాదు, పేపర్లు చదివి తేలుస్తాం’ అన్న కమిటీ ముందు కూర్చున్నాను. అడిగినవి: గైడ్ ఎవరు, ఏ ఊరు, ఇంటిపేరేంటి. పేపర్ల ఊసే లేదు. పోస్టేమో, కమిటీలో ఉన్న ఒకాయన శిష్యుడికి పోయింది. ఇప్పుడున్న చోట అంకె చూసి తీసుకున్నారు. ఆ అంకెకి నా ఇంటిపేరుతో పనిలేదు.

హెబ్బాళ_హరి: ఇది జర్నళ్ల గొడవ కాదన్నమాట 🍿

కరెంటు_కమల: ఈ మాట ముందే చెప్పాల్సింది. కమిటీలంటే నాకూ గొప్ప నమ్మకమేం లేదు. కానీ వాళ్లు అన్యాయం చేస్తే ఆర్టీఐ వేసి మినిట్స్ అడగొచ్చు. అంకె అన్యాయం చేస్తే ఎవరి గుమ్మం ఎక్కాలి?

వోల్టేజ్_వాసు: వేశాను. రెండు లైన్ల జవాబొచ్చింది.

కరెంటు_కమల: 30 రోజుల్లోపు మొదటి అప్పీలుకి వెళ్లొచ్చు కదా?

వోల్టేజ్_వాసు: వెళ్తే ఈ ఊళ్లో ఇంకో ఇంటర్వ్యూకి ఎవరు పిలుస్తారు మేడమ్?