కారవాన్ లాగే ప్రాడోకి గేర్‌బాక్స్ ఆయిల్ మార్చాలా? ముగ్గురు మూడు రకాలుగా చెప్తున్నారు

టార్నీట్_తమ్ముడు:
అందరికీ నమస్తే. మేం మెల్బోర్న్‌లో ఉంటాం. ఈమధ్యే సెకండ్‌హ్యాండ్‌లో 2013 టొయోటా ప్రాడో 150 తీసుకున్నా, 3.0 డీజిల్, 5 స్పీడ్ ఆటోమేటిక్, మీటర్ 1,64,000 కి.మీ. పాత ఓనర్ ఇంజిన్ ఆయిల్ అయితే టైముకి మార్పించాడు, లాగ్‌బుక్ నిండా స్టాంపులే, కానీ ట్రాన్స్‌మిషన్ ఆయిల్ మార్చినట్టు ఎక్కడా లేదు. మా కారవాన్ (బండి వెనక కట్టి లాగే చక్రాల ఇల్లు) నీళ్ళు, గ్యాస్, సామాను అన్నీ ఎక్కిస్తే 2,000 కేజీలకి కొంచెం తక్కువ, వేబ్రిడ్జ్ మీద తూయించాను. లాంగ్ వీకెండ్‌కి హాల్స్ గ్యాప్ వెళ్తుంటే బాకస్ మార్ష్ దాటాక పెంట్లాండ్ హిల్స్ ఎక్కేటప్పుడు ఫోన్లో ఓబీడీ యాప్‌ (బండి కంప్యూటర్ రీడింగులు చూపించేది) చూస్తే ట్రాన్స్‌మిషన్ టెంపరేచర్ 114 డిగ్రీలు చూపించింది. వార్నింగ్ లైట్ ఏం రాలేదు, పైకెక్కాక నిదానంగా 90కి దిగింది, గేర్లు మారడంలో కూడా తేడా ఏం లేదు.

సర్వీస్ సెంటర్లో అడిగితే అది సీల్డ్ బాక్స్ అండీ, లైఫ్‌టైమ్ ఆయిల్, ముట్టుకోవద్దు అన్నారు. వేరే మెకానిక్ ఫుల్ ఫ్లష్, అంటే పాత ఆయిల్ మొత్తం తీసి కొత్తది ఎక్కించడం, చేయాల్సిందే, 650 డాలర్లు అవుతుంది అన్నాడు. ఆఫీసులో ఒకాయనేమో ఇంత తిరిగిన బండికి కొత్త ఆయిల్ పోస్తే గేర్‌బాక్స్ పోతుంది, మా బంధువులకి అలాగే అయింది అని భయపెట్టాడు. ఏం చేయమంటారు? డిసెంబర్లో అడిలైడ్ వైపు వెళ్ళే ప్లాన్ ఉంది, ఎండలు కూడా అప్పుడే.

బెండిగో_బావ:
మార్పించు తమ్ముడూ, ఇందులో రెండో ఆలోచన వద్దు. సీల్డ్ అంటే డిప్‌స్టిక్ లేదు అంతే, కింద పాన్‌కి (ఆయిల్ నిలిచే తొట్టికి) డ్రెయిన్ ప్లగ్ ఉంది, లెవెల్ చూసే ప్లగ్ ఉంది, పక్కన ఫిల్ ప్లగ్ ఉంది, మార్చకూడని ఆయిలైతే కంపెనీవాడు ఇన్ని ప్లగ్గులు ఎందుకు పెడతాడు. మామూలుగా ఆఫీసుకీ స్కూలుకీ తిరిగే బండికి వాళ్ళన్న మాట కొంతవరకు నడుస్తుందేమో గానీ రెండు టన్నులు వెనకాల కట్టుకుని కొండలెక్కే బండి లెక్క వేరు.

అసలు వేడి ఎక్కడ పుడుతుందో చూడు. ఆటోమేటిక్‌లో ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది, అది లాక్ అవ్వనంతసేపు పవర్ అంతా ఆయిల్ ద్వారానే వెళ్ళాలి, ఇటు తిరిగే వేగానికీ అటు తిరిగే వేగానికీ ఉన్న తేడా వల్లే వేడి పుడుతుంది. ఫ్లాట్ రోడ్డు మీద హైవే స్పీడులో లాక్ అయిపోతుంది కాబట్టి ఇబ్బంది లేదు. బరువుతో ఎక్కేటప్పుడు లాక్ ఊడిపోతుంది, అక్కడే నీకు 114 వచ్చింది. అది ప్రమాదం అనను, కానీ మాటిమాటికీ అలా కాగితే ఆయిల్లో ఉండే అడిటివ్స్ చచ్చిపోతాయి, సీల్స్ గట్టిపడతాయి, ఆ తర్వాత క్లచ్ ప్లేట్లు జారడం మొదలవుతుంది. గేర్‌బాక్స్ రీబిల్డ్‌కి అయ్యే డబ్బు ముందు ఈ 650 లెక్కలోదే కాదు.

పెర్త్_పటేల్:
బావ చెప్పింది కరెక్టే గని సీదా ఫ్లష్‌కి పోవద్దు అన్నా. ముందుగాల పాన్ దించి చూపియ్యమను. లోపల అయస్కాంతాలు ఉంటయ్, వాటిమీద బూడిద రంగు మెత్తటి పేస్టు లెక్క ఉంటే ఏం ఫికర్ లేదు, అది మామూలు అరుగుడు. మెరిసే లోహపు ముక్కలు, నల్లటి పెచ్చులు కనబడితే, ఆయిల్ మాడిన వాసన కొడితే మాత్రం ఫ్లష్ మీద పైసలు పెట్టుడు దండుగ, బాక్స్ విప్పాల్సిందే.

మీ ఆఫీసాయన చెప్పిన కథ గూడ గిట్లనే ఉంటది. జనం గేర్లు జారుడు మొదలైనంక భయపడి ఆయిల్ మార్పిస్తరు, అప్పటికే క్లచ్‌లు అరిగిపోయి ఆ పొడి ఆయిల్ల తిరుగుతుంటది, మార్చినంక నెలకో రెండు నెలలకో బాక్స్ పోతే తప్పు కొత్త ఆయిల్ మీద వేస్తరు. నీ బండి మంచిగ మారుతుంది అంటున్నవ్ కదా, ఇదే సరైన టైము.

ఇంకోటి, ప్లగ్ తీసి వంచితే మూడు లీటర్లకు అటుఇటు కారుతది అంతే. బాక్స్‌ల మొత్తం పదకొండు లీటర్ల దాక ఉంటది, మిగిలింది కన్వర్టర్ల, ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ పైపులల్ల ఉండిపోతది. మూడు లీటర్ల చొప్పున మూడుసార్లు మార్చినా లెక్కేస్తే కొత్త ఆయిల్ 60 శాతం చిల్లరే. గందుకే కూలర్ రిటర్న్ పైపు ఇప్పి, బాక్స్ సొంత పంపుతోనే పాత ఆయిల్ బయటికి కొట్టించుకుంట, వచ్చినంత కొలిచి కొత్తది పోసుకుంట పోవాలె. పన్నెండు లీటర్లు పక్కన పెట్టుకోవాలె. బయటి నుంచి మెషిన్ పెట్టి ప్రెషర్‌తోని కొట్టేటోళ్ళు ఉంటరు, పాత బాక్స్‌కి నేనైతే అది చేయనియ్య.

గోల్డ్‌కోస్ట్_గోదారమ్మాయి:
ఆయిల్ సంగతి వాళ్ళిద్దరూ చెప్పేశారు, నేను నడపడం గురించి చెప్తాను ఎందుకంటే మా ఆయన ఎంత సర్వీసులు చేయించినా గేర్ లివర్‌ని డీలో (డ్రైవ్‌లో) వదిలేసి నడిపితే టెంపరేచర్ ఎక్కేసేది. లివర్‌ని ఎస్ వైపు జరిపి 4 పెట్టండి, ఐదో గేరులో బరువు లాగనివ్వకండి. ఐదులో ఉంటే చిన్న ఎత్తు రాగానే లాక్ ఊడడం, గేరు దిగడం, మళ్ళీ ఎక్కడం, ఇదే పని. టాకో (ఆర్‌పీఎం మీటర్) సూది చూస్తే తెలిసిపోతుంది, పెడల్ కొంచెం తొక్కగానే స్పీడ్ పెరగకుండా ఆర్‌పీఎం ఒక్కటే పైకి లేచిందంటే లాక్ ఊడినట్టు. కొండ మొదలయ్యేముందే ఒక గేరు తగ్గించేసుకోండి, ఆర్‌పీఎం కాస్త ఎక్కువున్నా ఇంజిన్‌కి ఏం కాదు. డీజిల్ కొంచెం ఎక్కువ తాగుతుంది, తాగనివ్వండి.

బీచ్‌లోకి తీసుకెళ్తే ఇంకా జాగ్రత్త. మెత్తటి ఇసకలో హై రేంజ్‌లో (మామూలు రోడ్డు మీద వాడే గేరింగ్‌లో) మెల్లగా ఈడ్చుకుంటూ వెళ్తే హైవే కొండకంటే తొందరగా కాగిపోతుంది. టైర్లలో గాలి తగ్గించి లో రేంజ్‌లో (నెమ్మదిగా, బలంగా లాగే గేరింగ్‌లో) పెట్టండి, కన్వర్టర్ మీద భారం చాలా తగ్గుతుంది.

టార్నీట్_తమ్ముడు:
చాలా థాంక్స్ అందరికీ, అక్కా మీరు చెప్పిన ఎస్4 సంగతి నాకు అస్సలు తెలీదు, ఇన్నాళ్ళూ డీలోనే నడిపాను. ఎక్స్‌ట్రా కూలర్ కూడా పెట్టించమంటున్నారు, అవసరమా?

బెండిగో_బావ:
నువ్వు లాగే బరువుకి పెట్టిస్తే మంచిదే. కాకపోతే థర్మోస్టాట్ ఉన్న రకం పెట్టించు, మన విక్టోరియా చలికాలంలో ఆయిల్ మరీ చల్లగా ఉండిపోయినా బాక్స్‌కి మంచిది కాదు. కొందరు రేడియేటర్ లోపలి కూలర్‌ని పూర్తిగా తప్పించేసి బయటిదే పెడతారు. దాని వెనక భయం ఏంటంటే రేడియేటర్ లోపల చిల్లు పడితే కూలెంట్, ఆయిల్ కలిసిపోయి గులాబీ రంగు లస్సీలా తయారవుతుంది, అప్పుడిక బాక్స్ మీద ఆశ వదులుకోవడమే. రేడియేటర్ పాతదైతే అది మార్చేయడం ఇంకా సులువు, నీది 2013 అంటున్నావు, ఒరిజినల్‌దే అయితే ఒకసారి చూపించు.

పెర్త్_పటేల్:
కూలర్ కన్న ముందు ఆయిల్ మార్పియ్యి, ఎస్4ల నడిపి చూడు. గదే కొండ మీద టెంపరేచర్ 100 దాటకపోతే కూలర్ పైసలు మిగిలినట్టే. అందరూ యాక్సెసరీలు పెట్టియ్యమంటరు, నాకైతే అన్నీ అవసరం అనిపియ్యదు.

మెకానిక్‌కి రెండు మాటలు చెప్పు. ఒకటి, డ్రెయిన్ ప్లగ్ ఇప్పేముందు ఫిల్ ప్లగ్ ఊడుతుందో లేదో చూడమను, అది పట్టేసి ఉంటే ఆయిల్ మొత్తం వంచేసినంక పోసుడెట్ల? రెండోది లెవెల్. బండి ఇంజిన్ ఆన్‌ల ఉండాలె, సమానంగ ఉండాలె, అన్ని గేర్లల్లకి ఒకసారి తిప్పాలె, ఆయిల్ 46 నుంచి 56 డిగ్రీల మధ్యల ఉన్నప్పుడే చెక్ ప్లగ్ ఇప్పి సన్నటి ధార వచ్చేదాక చూడాలె. వేడి ఎక్కువున్నప్పుడు చూస్తే ఆయిల్ ఉబ్బి ఉంటది, ధార ఎక్కువొచ్చి చివరికి బాక్స్‌ల తక్కువైతది. ఆయిల్ టొయోటా డబ్ల్యూఎస్ గాని, డబ్ల్యూఎస్‌కి సరిపోతదని డబ్బా మీద రాసి ఉన్నది గాని. ఎర్రగ ఉన్నదల్లా ఒకటి కాదు.

టార్నీట్_తమ్ముడు:
అప్‌డేట్: ఇవాళ పాన్ దించారు, నేను దగ్గరే ఉండి చూశాను. ఆయిల్ ముదురు గోధుమ రంగు, మాడిన వాసన లేదు, అయస్కాంతాల మీద బూడిద రంగు పేస్టు మందంగానే ఉంది కానీ ముక్కలేం లేవు. లోపలి ఫిల్టర్, గాస్కెట్ మార్చి కూలర్ పైపు ద్వారానే ఫ్లష్ చేశారు. మొత్తం 690 అయింది. రేడియేటర్ ఒరిజినల్‌దే, దానికి వేరే కొటేషన్ ఇస్తామన్నారు.

గోల్డ్‌కోస్ట్_గోదారమ్మాయి:
మంచి పని చేశారు. బండి ఇంకా వాళ్ళ దగ్గరే ఉంటే ముందు డిఫ్, వెనక డిఫ్ (డిఫరెన్షియల్, కుడి ఎడమ చక్రాలకి పవర్ పంచే గేర్లు), ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు వెనక చక్రాలకి పవర్ పంచేది) ఆయిల్ కూడా చూడమనండి, టోయింగ్‌లో వెనక డిఫ్ బాగా కాగుతుంది, దాని ఊసు ఎవరూ ఎత్తరు. టో బాల్ (కారవాన్ తగిలించే గుండు) మీద పడే బరువు కూడా తూయించారా, కారవాన్ బరువొక్కటేనా?

టార్నీట్_తమ్ముడు:
డిఫ్‌లు రెండూ మార్చేశారు అక్కా, ట్రాన్స్‌ఫర్ కేస్ అడగలేదు, పొద్దున్నే ఫోన్ చేస్తా. బాల్ బరువు 185 కేజీలు వచ్చింది.

గోల్డ్‌కోస్ట్_గోదారమ్మాయి:
కారవాన్ బరువులో పది శాతానికి దగ్గర్లోనే ఉంది, బానే ఉంది. నీళ్ళ ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి తూయించండి. ట్యాంకు యాక్సిల్‌కి ముందుందా వెనకుందా అన్నదాన్ని బట్టి చాలా మారుతుంది.