చదువరి అమ్మలు, నాన్నలు: ఏం చదివేవారు, చూపు తగ్గాక ఎలా చదువుతున్నారు?

కొల్లేటిగట్టు
మా అమ్మకి డెబ్బై దాటాయి. ఏలూరు దగ్గర పల్లె. తొమ్మిదో తరగతి అవ్వగానే పెళ్లి చేసేశారు, ఆ తర్వాత బడి మొహం చూడలేదు, కానీ నాకు తెలిసినవాళ్లలో ఆవిడంత చదివిన మనిషి ఇంకొకరు లేరు. మాకు పాడి ఉండేది. తెల్లవారుజామునే లేచి పాలు తీయడం, వంట, పొలానికి క్యారేజీలు, ఇవన్నీ అయ్యాక మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆవిడ టైము. ఆ టైములో ఎవరూ పిలవకూడదు, నాన్న కూడా పిలిచేవారు కాదు. వారపత్రికల్లో సీరియల్ పేజీలు విడదీసి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి అట్ట వేసుకునేది. అవన్నీ ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. వాటిలో కొన్ని పుస్తకంగా అసలు వచ్చాయో లేదో కూడా తెలియదు, నేను ఎక్కడ వెతికినా దొరకలేదు.

కొంతకాలంగా మాక్యులా (కంటి రెటీనా మధ్య భాగం) సమస్య. శుక్లాల ఆపరేషన్ ఎప్పుడో అయింది, ఇది వేరే. చూసే చోట మధ్యలో మసక, పక్కలు మాత్రం బాగానే కనిపిస్తాయి. ఉన్న చూపు నిలబెట్టడానికి ఇంజెక్షన్లు ఇస్తున్నారు. పుస్తకం తీస్తుంది, రెండు లైన్లు చూస్తుంది, మూసేస్తుంది. ఆడియో పెడితే ‘ఎవరో గబగబా చదువుకుంటూ పోతుంటే నాకు ఆలోచించుకునే టైమేదిరా’ అంటుంది. నేను చదివితే వింటుంది, మధ్యలో ఆపి మాట్లాడొచ్చు కాబట్టి. కానీ నేను ఉండేది బెంగళూరులో.

ఇలాంటి అమ్మానాన్నలు ఉన్నవాళ్లు ఏం చేశారో చెప్పండి. చిట్కాలే కాదు, వాళ్లు ఏం చదివేవాళ్లు, పుస్తకాల గురించి ఏమనేవాళ్లు, అవీ రాయండి. ఇక్కడ వచ్చినవన్నీ ఫోన్‌లో అమ్మకి చదివి వినిపిస్తాను.

హనుమకొండ_శ్రీ
అమ్మగారికి నమస్కారాలు చెప్పండి. మా బాపు గురించి రాస్తా.

బాపు 1936లో పుట్టారు. నిజాం కాలం, బళ్లో అంతా ఉర్దూ, తెలుగు ఇంట్లో మాట్లాడుకోవడానికే. 1948లో పోలీసు యాక్షన్ అయ్యాక వాళ్ల మేనమామ వేలు పట్టుకుని హనుమకొండలోని రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయానికి తీసుకెళ్లారట. 1904 నుంచి ఉన్న గ్రంథాలయం అది. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో మొదలైతే, మూడేళ్లకే మా ఊళ్లో ఇది వచ్చింది. తెలుగు చదవడం బాపుకి బడి కాదు, ఆ బల్లలు నేర్పాయి. పన్నెండేళ్ల పిల్లవాడు చిన్నపిల్లల వాచకం పట్టుకుని పెద్దవాళ్ల మధ్య కూర్చునేవాడినని చెప్పేవారు, ఎవరూ నవ్వలేదని, పక్కన పేపర్ చదువుకునే పెద్దమనిషి వత్తులు ఎట్లా పలకాలో చెప్పేవారని కూడా.

తర్వాత జీవితమంతా తెలుగు పుస్తకాలే చదివారు, కానీ అంచుల్లో రాసుకున్నదంతా ఉర్దూలో. మాకెవరికీ ఉర్దూ లిపి రాదు. ‘పుస్తకం మీద ఏం రాయకుంటే చదివిన గుర్తు ఏముంటది’ అనేవారు. బాపు పోయాక ఆ పుస్తకాలు నా దగ్గరికి వచ్చాయి. తెలిసిన ఒక పెద్దాయన చదివి పెడుతున్నారు. చాలావరకు రచయితతో తగాదాలే, ‘ఇక్కడ నువ్వు తొందరపడ్డావు’, ‘ఈ మాట నేను ఒప్పుకోను’ అని. ఒకచోట ఆ రోజు బియ్యం ధర, ఒకచోట మా అక్క పుట్టిన టైము. బతికి ఉన్నప్పుడే పక్కన కూర్చోబెట్టుకుని చదివించుకోవాల్సింది. మీ అమ్మగారు పుస్తకాల్లో ఏమైనా రాసుకుని ఉంటే ఇప్పుడే అడిగి రికార్డు చేసుకోండి.

విజన్_వర్క్
నేను ఆప్టోమెట్రిస్టుని. చికిత్స సంగతి మీ రెటీనా డాక్టరుకే వదిలేస్తాను, చదవడం గురించి మాత్రం చెప్తాను.

మాక్యులా దెబ్బతిన్నప్పుడు పక్కచూపు మిగిలే ఉంటుంది. అక్షరాన్ని సూటిగా కాకుండా కొంచెం పక్కగా, లేదా పైగా చూసి చదవడం నేర్చుకోవచ్చు. ఇది తనంతట తాను వచ్చేది కాదు, నేర్పించాలి, కొన్ని వారాల సాధన కావాలి. దీన్ని ‘లో విజన్’ (తక్కువ చూపు) విభాగంలో నేర్పుతారు. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది, విజయవాడ పక్కన తాడిగడపలో వాళ్ల క్యాంపస్ ఉంది కాబట్టి ఏలూరు నుంచి మీకు దగ్గరే. చాలామంది కుటుంబాలకి ఇలాంటిది ఉందనే తెలియదు, ‘ఇంకేం చేయలేం’ అన్న మాట దగ్గర ఆగిపోతారు.

ఇంట్లో చేయగలిగినవి: వెలుగు తల మీద నుంచి కాకుండా పక్క నుంచి పుస్తకం మీదే పడేలా ఒంచుకునే టేబుల్ లైటు పెట్టండి. చేత్తో పట్టుకునే భూతద్దం కంటే పేజీ మీద నిలబడేది నయం, చెయ్యి వణికినా అక్షరం కదలదు. నల్ల అట్టలో ఒక్క లైను కనిపించేంత సందు కోసి పేజీ మీద పెట్టుకుంటే లైను తప్పిపోవడం తగ్గుతుంది. టాబ్‌లో అయితే నల్ల తెర మీద తెల్ల అక్షరాలు చాలామందికి హాయిగా ఉంటాయి. ముఖ్యంగా, గళ్ల కాగితం ఒకటి ఇస్తారు, ఒక్కో కన్ను మూసి దాన్ని చూస్తుండాలి. గీతలు కొత్తగా వంకర కనిపిస్తే వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, వెంటనే తీసుకెళ్లండి.

పెన్నా_ఒడ్డు
మా అమ్మది ప్రొద్దుటూరు. సొంత పుస్తకం ఒక్కటీ లేదు, అంతా అద్దె లైబ్రరీ. కిళ్లీ బంకు పక్కన చిన్న గది, గోడల నిండా నవలలు, డిపాజిట్ కట్టాలి, రోజుకి ఇన్ని పైసలని అద్దె. రెండో రోజు అద్దె పడకుండా ఒక్క రోజులో పూర్తి చేయాలి. అంతే కాదు, ఆ ఒక్క అద్దె మీదే మా వీధిలో నాలుగు ఇళ్లు చదివేవి. పొద్దున అమ్మ, మధ్యాహ్నం ఎదురింటి అత్త, సాయంత్రం టైలరమ్మ, రాత్రి పక్కింటి అక్క, తెల్లారి షాపు తీయగానే నేను పరుగెత్తి ఇచ్చేసేదాన్ని. ఆ పుస్తకాల్లో చివరి పేజీలు చిరిగిపోయి ఉండేవి. ఒక నవలకైతే ఆఖరి పది పేజీలు లేవు. హీరోయిన్ ఆ ఇంటికి తిరిగి వెళ్లిందా లేదా అని నలుగురూ కొన్నేళ్లు వాదించుకున్నారు. అమ్మ ‘వెళ్లదు, వెళ్తే నేనా రచయిత్రిని మళ్లీ చదవను’ అనేది.

చదివినవాళ్లు పెన్సిలుతో చివర్లో రాసేవాళ్లు, ‘ఏడిపించింది’, ‘మొదటి సగం బాగుంది’ అని. పేర్లుండవు. అమ్మ కొందరి చేతిరాత గుర్తుపట్టేది, ఎప్పుడూ కలవని మనుషులు, కానీ ‘ఈమె బాగుందంటే బాగుంటాది’ అని నమ్మేది.

మాస్టారి_రెండోవాడు
అందరూ నవలల గురించే రాస్తున్నారు, మా ఇంట్లో అవి గుమ్మం దాటి రానిచ్చేవారు కాదు. నాన్న తెలుగు పండితులు, గుంటూరు జిల్లా. వారపత్రిక సీరియళ్లు మనిషిని పగటి కలల్లో పెడతాయని ఆయన గట్టి అభిప్రాయం, నాకూ చాలావరకు అదే అభిప్రాయం. కారులో వచ్చే ఆరడుగుల జమీందారు, బీద అమ్మాయి, అపార్థం, పెళ్లి. ఇదే పదేపదే చదివితే ఏం వస్తుంది?

కానీ నేను రాయాలనుకున్నది అది కాదు. నాన్నకి చివర్లో గ్లకోమా వల్ల రెండు కళ్లూ పోయాయి. పోతన భాగవతం పద్యాలు వందల కొద్దీ నోటికి వచ్చు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని ఒక ఘట్టం మొదలుపెట్టి చివరిదాకా అలా వెళ్లిపోయేవారు, ఎక్కడైనా ఒక పాదం తప్పితే నన్ను పుస్తకం తీసి చూడమనేవారు. ‘కంఠతా వచ్చింది ఎవడూ తీసుకోలేడు’ అనేవారు. ఇప్పటి పిల్లలకి ఒక్క పద్యమైనా నోటికి నేర్పించండని అందుకే అడుగుతుంటాను.

పెన్నా_ఒడ్డు
మాస్టారి_రెండోవాడు గారూ, నాన్నగారి మీద గౌరవంతోనే చెప్తున్నా, ఆ మాట నేను ఒప్పుకోలేను. 60, 70 దశకాల్లో వారపత్రికలు అంత అమ్ముడయ్యాయంటే ఇళ్లలో ఆడవాళ్లు చదవబట్టే. రాసినవాళ్లలోనూ ఆడవాళ్లు ఎంత ముందుకొచ్చారంటే కొందరు మగ రచయితలు ఆడ పేర్లు పెట్టుకుని రాశారు. జమీందారు కథలు ఉన్నాయి, కాదనను. కానీ ఉద్యోగం చేసే అమ్మాయి, భర్తని నిలదీసే భార్య, ఒంటరిగా బతికే మనిషి, ఇవన్నీ మా అమ్మకి మొదట కనిపించింది ఆ పేజీల్లోనే. ‘నువ్వు జీతం తెచ్చుకున్నాకే పెళ్లి మాట’ అని నాతో అన్నది అద్దె నవలలు చదివిన మనిషే. నేను ఉద్యోగం చేస్తున్నానంటే అందులో ఆ గదికీ వాటా ఉంది.

ఫ్రిస్కో_తెలుగు
టెక్నికల్ విషయం ఒకటి, నాన్న సంగతి ఒకటి.

స్కాన్ చేసిన పీడీఎఫ్‌లతో మీ అమ్మగారికి పెద్దగా ఉపయోగం ఉండదు. అవి బొమ్మలు, అక్షరం పెంచితే పేజీ తెర దాటిపోతుంది, ఎడమకీ కుడికీ జరుపుతూ చదవాలి. దాన్ని టెక్స్టుగా మార్చాలి. పేజీని ఫోటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలు టెక్స్టుగా వస్తాయి. తప్పులుంటాయి, ముఖ్యంగా పాత అచ్చులో వత్తుల దగ్గర. వారపత్రిక పేజీల్లో రెండు మూడు కాలమ్‌లు ఉంటాయి కదా, పేజీ మొత్తం ఫోటో తీస్తే లైన్లు కలిసిపోవచ్చు, ఒక్కో కాలమ్ విడిగా తీయండి. తర్వాత అక్షరాల సైజు ఎంత కావాలంటే అంత పెంచి, లైన్ల మధ్య ఖాళీ వదిలి టాబ్‌లో పెట్టండి.

మా నాన్నది కొల్లిపర వైపు. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లిపర నుంచి పెదవడ్లపూడి దాకా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపిన ప్రాంతం. తాతయ్య ఆ పడవ కోసం రేవులో ఎదురుచూసేవాడినని చెప్పేవారట, ఆ మాటలు వింటూ పెరిగిన నాన్నకి పుస్తకం అంటే ఎవరో మోసుకొచ్చి ఇవ్వాల్సిన వస్తువు, మళ్లీ ఇంకొకరికి పంపాల్సిన వస్తువు. చదవగానే ఇచ్చేస్తారు. ‘నా బీరువాలో పెడితే అదెవరికి పనికొస్తుంది’ అంటారు. అందుకే మా ఇంట్లో పుస్తకాలు నిలవవు. ఇప్పుడు నేను మార్చిన టెక్స్టులో తప్పులు దిద్దేది ఆయనే. వీడియో కాల్‌లో నేను చదువుతుంటే ‘అది మక్కువ కాదు, మిక్కిలి’ అని సరిచేస్తారు. రోజూ మాట్లాడుకోవడానికి మాకు అదే పెద్ద కారణం అయింది.

వంశధార
కొల్లేటిగట్టు గారూ, ఆ కుట్టిన సీరియళ్లు దయచేసి ఎవరికీ తూకానికి వేయనివ్వకండి. పుస్తకంగా రానివి అలాంటి ఇళ్లలోనే మిగిలాయి. మా శ్రీకాకుళంలో కారా మాస్టారు (కథకులు కాళీపట్నం రామారావు గారు) 1997లో కథానిలయం పెట్టారు, పత్రికల్లో వచ్చిన కథలు పోకుండా ఒకచోట చేర్చాలని. ఆ కథలు స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో కూడా పెట్టారు. అది ముఖ్యంగా కథలకి, మీవి నవలలు, అయినా పాత పత్రికల సంగతి తెలిసినవాళ్లు ఉంటారు కాబట్టి ముందు ఒక జాబితా తయారు చేసి అడగండి. వేటపాలెం సారస్వత నికేతనం కూడా ఉంది, 1918 నాటిది, 1929లో దాని భవనానికి గాంధీగారు శంకుస్థాపన చేశారు, పాత పత్రికలకి పేరున్న చోటు. కానీ ఇచ్చేముందు మీరు ఫోటోలు తీసుకోండి. పాత కాగితం విరుగుతుంది, కుట్టు విప్పకుండా ఎంత తెరుచుకుంటే అంతే తెరవండి. బీరువా గోడకి ఆనించి ఉంటే కొంచెం ముందుకి జరపండి, చెదలు గోడలోంచే వస్తాయి.

మా నాన్న ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేశారు. పుస్తకాలు వి.పి.పి.లో, అంటే పార్సిల్ వచ్చాక డబ్బు కట్టే పోస్టులో, తెప్పించుకునేవారు. జీతం రాకముందే పోస్టుమాన్ పార్సిల్ తెస్తే అమ్మ పోపుల డబ్బాలోంచి తీసి కట్టేది. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు చవక కాబట్టి బడి పిల్లలకి అవే కొని పంచేవారు. సోవియట్ యూనియన్ పోయాక అవి రావడం ఆగిపోయినప్పుడు చాలా బాధపడ్డారు. ఇప్పటికీ ఆయన్ని కదిపితే కోపంగా మాట్లాడేది ఒక్క విషయం గురించే. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం కదా, మా శాఖా గ్రంథాలయంలో పేపర్లు తప్ప కొత్త పుస్తకం ఎందుకు రాదు అని. దాని మీద ఎన్నో అర్జీలు రాశారు. నేనూ ఆయన పక్షమే.

కొల్లేటిగట్టు
అందరికీ చాలా థాంక్స్. అన్నీ చదివి వినిపించాను, రెండు రాత్రులు పట్టింది, ఎందుకంటే ప్రతి దానికీ ఆవిడ మాట్లాడింది.

తాడిగడపలో అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. నల్ల అట్ట చెల్లెలు కోసి ఇచ్చింది, పగటి వెలుగులో నిలబడే భూతద్దంతో కలిపి వాడితే సగం పేజీ దాకా చదువుతోంది. టాబ్ ఇంకా అలవాటు కాలేదు.

మాస్టారి_రెండోవాడు గారూ, అమ్మ మీకు చెప్పమన్న మాట: ‘పద్యం గొప్పదే నాయనా, కానీ మాకెవరు నేర్పారు? తొమ్మిదిలో మానిపించారు. పత్రిక అయితే వాకిట్లోకి వచ్చింది.’ మీ నాన్నగారు ఏ ఘట్టం ఎక్కువ చెప్పేవారని కూడా అడిగింది.

మాస్టారి_రెండోవాడు
అమ్మగారి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, ఆవిడ అన్నది నిజం. మా అమ్మకి కూడా నాన్న నేర్పలేదు. నాన్న ఎక్కువ చెప్పేది గజేంద్ర మోక్షం. ఆయన గొంతుతో రికార్డు చేసింది ఉంది, పంపిస్తాను. ఆపి ఆపి వినొచ్చు.

కొల్లేటిగట్టు
తప్పకుండా పంపండి. పెన్నా_ఒడ్డు గారూ, ఆఖరి పేజీలు లేని ఆ నవల పేరు మీ అమ్మగారికి గుర్తుందేమో కనుక్కోగలరా? సీరియల్‌గా వచ్చిందైతే తన దగ్గర ఉండొచ్చని అమ్మ అంటోంది, కట్టలు దింపమని చెల్లెల్ని తొందరపెడుతోంది.

పెన్నా_ఒడ్డు
ఇప్పుడే ఫోన్ చేశాను. పేరు గుర్తులేదంట. హీరోయిన్ కాలేజీలో లెక్చరరు, మొదటి అధ్యాయంలో మదనపల్లె బస్సులో గొడుగు మర్చిపోతుంది, అత్తగారికి పక్షవాతం. టైలరమ్మ కూడా ఉంది అక్కడే, ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. దొరికితే ఆఖరి పది పేజీలు ఫోటో తీసి పెట్టండి ప్లీజ్.