యాక్షన్‌స్క్రిప్ట్: పాయింట్ తర్వాత మూడంకెలు నిలవడం లేదు, మొత్తంలో 0.001 తేడా

చీమకుర్తి_గెలాక్సీ:

అన్నలూ, గ్రానైట్ బ్లాకుల కొలతల ప్రోగ్రామ్ ఒకటుంది. యాక్షన్‌స్క్రిప్ట్ 3 (ఫ్లాష్ వాళ్ల ప్రోగ్రామింగ్ భాష), ఫ్లెక్స్‌లో (దాంతో తెరలు కట్టే సరంజామా) రాసింది. ఎయిర్ (బ్రౌజర్ లేకుండా ఇలాంటి ప్రోగ్రాములు నడిపేది) మీద డెస్క్‌టాప్‌లో నడుస్తుంది కాబట్టి 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్ ప్లేయర్ ఆగిపోయినా దీనికేం కాలేదు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొడితే క్యూబిక్ మీటర్లు, రేటు కొడితే రూపాయలు రావాలి. కోడ్ లోపల మూడు కొలతల్నీ ముందు 100తో భాగించి మీటర్లు చేసి, తర్వాత గుణిస్తున్నారు.

మూడు బ్లాకులు చూడండి:

285 × 165 × 140
270 × 155 × 135
245 × 150 × 125

ఇబ్బంది 1: రెండో బ్లాకు 5.650 అని రావాలి, 5.65 అని వస్తోంది. వాడింది మ్యాథ్.రౌండ్(ఘనం * 1000) / 1000.

ఇబ్బంది 2: కాగితం మీద మూడూ కూడితే 6.584 + 5.650 + 4.594 = 16.828. ప్రోగ్రామ్ అడుగున మొత్తం 16.827 చూపిస్తోంది. క్యూబిక్ మీటరు 40,000 అనుకుంటే 40 రూపాయల తేడా. డబ్బు చిన్నదే, కానీ కొనేవాళ్లు క్యాలిక్యులేటర్ తీసి కూడితే కలవాలి కదా.

ఇబ్బంది 3: టుఫిక్స్‌డ్ (పాయింట్ తర్వాత అడిగినన్ని అంకెలతో రాసిచ్చేది) పెట్టి చూస్తే 1067 ఎర్రర్. టైప్ తీసేసి వదిలేస్తే ఎర్రర్ పోయింది గానీ మొత్తం 06.5845.6504.594 అని వచ్చింది.

(ఇక్కడ కోడ్ తెలుగు అక్షరాల్లో రాస్తున్నా. ఎడిటర్‌లో ఉండేది మామూలు ఇంగ్లిష్ పేర్లే.)

---

ఒంగోలు_గిత్త:

ముందు 1, 3 చూద్దాం. రెండూ ఒకే చోట పుట్టాయి.

నంబర్ అనే రకంలో 5.65, 5.650 అని రెండు విలువలు ఉండవు. చివరి సున్నా విలువలో భాగం కాదు, రాతలో భాగం. మ్యాథ్.రౌండ్ ఇచ్చేది విలువ. దాన్ని ఎన్నిసార్లు రౌండ్ చేసినా సున్నా రాదు. సున్నా కావాలంటే అది స్ట్రింగ్ (అంటే అక్షరాల వరస) అవ్వాలి. టుఫిక్స్‌డ్(3) ఇచ్చేది స్ట్రింగే.

అందుకే 1067. స్ట్రింగ్‌ని తీసుకెళ్లి నంబర్ అని ప్రకటించిన వేరియబుల్‌లో పెడుతున్నారని కంపైలర్ అంటోంది. టైప్ తీసేస్తే దాని నోరు నొక్కినట్టే, తప్పు అట్టాగే ఉంది. రెండు వైపులా ఏ ఒక్కటి స్ట్రింగైనా ప్లస్ గుర్తు కూడదు, అతికిస్తుంది. మీ మొత్తం ముందున్న సున్నా, మొదట పెట్టిన 0. దానికి వరసగా మూడు రాతలు అతుక్కున్నాయి.

కాబట్టి లెక్కంతా నంబర్‌లో జరగాలి, టుఫిక్స్‌డ్ టెక్స్ట్ ఫీల్డ్‌లో పెట్టే ఆఖరి వాక్యంలోనే రావాలి:

పెట్టె.టెక్స్ట్ = ఘనం.టుఫిక్స్‌డ్(3);

బ్రాకెట్లో 0 నుంచి 20 దాకా ఇవ్వొచ్చు. దాటితే రేంజ్ ఎర్రర్. ఇంకొకటుంది, టుప్రెసిషన్ అని. దాన్ని చూసి మోసపోవద్దు. అది పాయింట్ తర్వాత అంకెల్ని కాదు, మొదటి నుంచి మొత్తం అంకెల్ని లెక్కపెడుతుంది. 16.827కి టుప్రెసిషన్(3) ఇస్తే 16.8 వస్తుంది.

మొత్తం కూడా అట్టాగే టుఫిక్స్‌డ్‌తో చూపిస్తే సరిపోతుంది.

---

పుట్టి850:

గిత్త గారూ, ఆఖరి వాక్యం ఒప్పుకోను. టుఫిక్స్‌డ్ పెట్టినా మొత్తం 16.827 గానే ఉంటుంది, ఎందుకంటే అది తప్పు కాదు. మీ మూడు బ్లాకుల అసలు ఘనాలు ఇవి:

6.5835
5.64975
4.59375

కూడితే సరిగ్గా 16.827. ఒక్కోదాన్ని మూడంకెలకు రౌండ్ చేస్తే మూడూ పైకే పోతున్నాయి, ఆ పోగు 16.828 అయింది. రెండూ సరైన లెక్కలే. బిల్లులో ఏది నిలవాలన్నది మీరు తేల్చుకోవాల్సిన మాట. వరస వరసనా అంకె అచ్చయ్యే కాగితమైతే నా ఓటు 16.828కే: ఒక్కో బ్లాకును ముందు రౌండ్ చేసి, రౌండ్ చేసినవే కూడాలి. చదివేవాడికి కనపడని అంకెలు మొత్తంలో దూరకూడదు.

ధాన్యం లెక్కలో దీనికి అడ్డం తిరుగుతుంది. నెల్లూరులో పుట్టి అంటే 850 కిలోలు. 12,420 కిలోలను 850తో భాగిస్తే 14.6117..., చూపించేది 14.61 పుట్లు. ఆ 14.61ని దాచుకుని మళ్లీ కిలోల్లోకి మారిస్తే 12,418.5. కిలోన్నర గాల్లో కలిసింది. అక్కడ దాచాల్సింది కిలోలు, పుట్లు కేవలం చూపించడానికే. మీ దగ్గర బిల్లుకు ఆధారం ఆ మూడంకెల ఘనమే కాబట్టి దాన్నే దాచాలి. ఏది ఆధారమో అది దాచండి, మిగతావి ఎప్పటికప్పుడు లెక్కగట్టండి.

ఇప్పుడు అసలు మెలిక. మొదటి బ్లాకు 6.5835. మూడంకెలకు తేవాలంటే సరిగ్గా గట్టు మీద ఉంది. మీరు ముందే మీటర్లు చేసి 2.85 × 1.65 × 1.4 అని గుణిస్తున్నారు. నంబర్ అంటే 64 బిట్ల ద్వ్యంశ సంఖ్య (0, 1 లతోనే రాసేది). 2.85, 1.65, 1.4 ఏవీ అందులో అచ్చంగా ఇమడవు. గుణకారం 6.5835కి వెంట్రుకవాసి పైనో కిందో పడుతుంది, గుణించే వరస మారినా మారొచ్చు. కింద పడితే 6.583, పైన పడితే 6.584. అందరికీ తెలిసిన ఉదాహరణ చూడాలంటే 1.005 * 100 ట్రేస్ చేయండి (అంటే విలువ రాయించి చూడండి): 100.49999999999999. రౌండ్ చేసి 100తో భాగిస్తే 1, మనం అనుకునే 1.01 రాదు. ఇంట్(4.35 * 100) ఇంకా ఘోరం, 435 బదులు 434. ఇంట్ రౌండ్ చేయదు, తోక కోసేస్తుంది.

కొంతమంది రౌండ్ చేసే ముందు 0.000000001 కలుపుతారు. చాలాసార్లు నడుస్తుంది. నాకు నచ్చదు, అది అతుకు. మీ కొలతలు ఎలాగూ పూర్ణ సెంటీమీటర్లే, అతుకు అక్కర్లేదు:

వార్ ఘనసెం:నంబర్ = పొడవు * వెడల్పు * ఎత్తు;
వార్ వేయింతలు:నంబర్ = మ్యాథ్.రౌండ్(ఘనసెం / 1000);

285 × 165 × 140 = 65,83,500. 1000తో భాగిస్తే 6583.5. సగం అనేది ద్వ్యంశంలో అచ్చంగా ఇముడుతుంది, అందుకే ఎప్పుడు నడిపినా 6584. దీన్నే దాచండి, దీన్నే కూడండి: 6584 + 5650 + 4594 = 16828. చూపించేటప్పుడు మాత్రం పాయింట్ పెట్టండి. భాగించే చోట 0.001తో గుణించకండి. 0.001 కూడా అచ్చంగా ఇమడని సంఖ్యే.

మొత్తం పెట్టే వేరియబుల్‌ని ఇంట్ (పూర్ణాంకాల రకం) చేయకండి. ఇంట్ 2,14,74,83,647 దాటితే తిరగబడి మైనస్‌లోకి పోతుంది. ఘన సెంటీమీటర్లు కూడితే ఇంత సైజు బ్లాకులు 327 చాలు. నంబర్‌లో పెడితే 9,00,71,99,25,47,40,992 దాకా పూర్ణాంకాలు చెక్కుచెదరవు.

డబ్బూ అంతే, పైసల్లో నడపండి. క్యూబిక్ మీటరు 41,275 అనుకుంటే 6584 × 41,27,500 / 1000 = 2,71,75,460 పైసలు. రూపాయల్లో 2,71,754.60. ఆ చివరి సున్నా కూడా నంబర్‌గా చూపిస్తే ఎగిరిపోయేదే.

---

ఒంగోలు_గిత్త:

ఒప్పుకుంటున్నా. రాతకూ లెక్కకూ తేడా చెప్పి నేనే మొత్తం దగ్గర కలిపేశా.

ఫ్లెక్స్ అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. ఫ్లెక్స్‌తో వచ్చే ఎమ్ఎక్స్ నంబర్‌ఫార్మాటర్‌లో (సంఖ్యను రాతగా ముస్తాబు చేసేది) ప్రెసిషన్ 3 ఒక్కటే పెడితే సున్నాలు వస్తాయి గానీ, రౌండింగ్ లక్షణం మొదట నన్ అని ఉంటుంది. అంటే మిగిలిన అంకెల్ని కోసేస్తుంది: 6.5835 ఇస్తే 6.583. నియరెస్ట్ అని రాయాలి.

---

చీమకుర్తి_గెలాక్సీ:

వేయింతల పద్ధతి పెట్టా, మొత్తం 16.828 కలిసింది. ఇంకో రెండు అడుగుతా. రూపాయలకు లక్షల కామా ఎట్టా? 271,754.60 అని మూడేసి అంకెలకు పడుతోంది. రెండోది, పక్క కంప్యూటర్‌లో ఇదే లెక్క యాక్షన్‌స్క్రిప్ట్ 2లో ఉంది. అక్కడ టుఫిక్స్‌డ్ పెడితే అన్‌డిఫైన్డ్ అంటోంది.

---

కావలి_కంపైలర్:

యాక్షన్‌స్క్రిప్ట్ 2లో టుఫిక్స్‌డ్ లేదు, చేత్తో రాసుకోవాలి. వేయింతలు ఇప్పటికే పూర్ణాంకం కాబట్టి పని తేలిక. ఈ ఫంక్షన్ రెండు వెర్షన్లలోనూ నడుస్తుంది (3లో ఎయిర్ పాతదైనా సరే):

ఫంక్షన్ మూడంకెలు(వే:నంబర్):స్ట్రింగ్ {
వార్ గుర్తు:స్ట్రింగ్ = (వే < 0) ? "-" : "";
వే = మ్యాథ్.ఆబ్స్(వే);
వార్ తోక:స్ట్రింగ్ = స్ట్రింగ్(వే % 1000);
వైల్ (తోక.లెంగ్త్ < 3) తోక = "0" + తోక;
రిటర్న్ గుర్తు + మ్యాథ్.ఫ్లోర్(వే / 1000) + "." + తోక;
}

వైల్ లైను మరిచిపోవడమే ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు. 5050 ఇస్తే తోక 50, అది లేకుండా అతికిస్తే 5.050 కాస్తా 5.50 అయి కూర్చుంటుంది. 5.650 లాంటివి మాత్రం సరిగ్గానే వస్తాయి, అందుకని పరీక్షలో దొరకదు. పరీక్షించేటప్పుడు 5, 50, 5050, 1000, 0 తప్పకుండా ఇచ్చి చూడండి.

ఆబ్స్ ఎందుకంటే, వాపసు బిల్లుల్లో మైనస్ వస్తుంది. ఫ్లోర్ కిందకే పోతుంది కాబట్టి -400కి ఫ్లోర్(-0.4) అంటే -1. మ్యాథ్.రౌండ్‌కీ ఇట్టాంటి వాటం ఉంది: సగం దగ్గర ఎప్పుడూ పెద్ద సంఖ్య వైపు మొగ్గుతుంది. 6583.5కి 6584, -6583.5కి -6583. అమ్మిన బ్లాకే వాపసు వస్తే ఖాతాలో 0.001 మిగిలిపోతుంది. రౌండ్ కూడా గుర్తు తీసేసి చేసి, తర్వాత గుర్తు తగిలించండి.

కామాలకు: యాక్షన్‌స్క్రిప్ట్ 3లో ఫ్లాష్.గ్లోబలైజేషన్ ప్యాకేజీలో ఇంకో నంబర్‌ఫార్మాటర్ ఉంది (ఎయిర్ 2.0 నుంచి). ఎమ్ఎక్స్ దాని పేరే, కానీ వేరే క్లాసు. ఇంపోర్ట్ సరిచూసుకోండి. కింద ఫా అంటే ఆ ఫార్మాటరే.

ఫా.గ్రూపింగ్‌ప్యాటర్న్ = "3;2;*";
ఫా.యూజ్‌గ్రూపింగ్ = ట్రూ;
ఫా.ఫ్రాక్షనల్‌డిజిట్స్ = 2;
ఫా.ట్రెయిలింగ్‌జీరోస్ = ట్రూ;
పెట్టె.టెక్స్ట్ = ఫా.ఫార్మాట్‌నంబర్(పైసలు / 100);

కుడి నుంచి మొదట మూడు, తర్వాత రెండు రెండు: 2,71,754.60. ట్రెయిలింగ్‌జీరోస్ మొదట ఫాల్స్‌గా ఉంటుంది, మరిచిపోతే మళ్లీ 2,71,754.6. ఈ ఫార్మాటర్ రౌండ్ చేసే తీరు ఆపరేటింగ్ సిస్టమ్‌ని బట్టి మారుతుంది. అందుకే రౌండ్ చేసే పని దానికి వదలకండి. పైసల్లో తేల్చేసి, ముస్తాబు ఒక్కటే దానికివ్వండి. సరదా ఉంటే డిజిట్స్‌టైప్‌లో తెలుగు అంకెలు కూడా ఉన్నాయి, బిల్లు మీద ఎవరు చదువుతారో మాత్రం చెప్పలేను.

కామా ఉండాల్సిన చోట ఖాళీ కనపడితే కోడ్ వెతక్కండి. టెక్స్ట్ ఫీల్డ్‌లో ఎంబెడ్ చేసిన ఫాంట్‌లో అంకెలు మాత్రమే ఎక్కించి ఉంటారు. కామా, పాయింట్, మైనస్, ₹ నాలుగూ విడిగా చేర్చాలి. ఫాంట్‌లోనే ₹ లేకపోతే రూ. అని రాసుకోవడమే.

---

పుట్టి850:

ఇంకో రెండు గుంటలు, పడక ముందే చెప్తా.

డేటాగ్రిడ్‌లోకి (వరసలు చూపే పట్టిక) స్ట్రింగులు ఎక్కించొద్దు. ఘనం కాలమ్ మీద నొక్కి వరస మారిస్తే 10.250 పైన, 9.800 కింద వస్తుంది, అక్షరాల వరస కదా. గ్రిడ్‌కి వేయింతల సంఖ్యే ఇచ్చి, కాలమ్ లేబుల్‌ఫంక్షన్‌లో (గడిలో ఏం రాయాలో చెప్పేది) కంపైలర్ గారి మూడంకెలు ఫంక్షన్‌ని పిలవండి.

కామాలు పెట్టిన రాతని మళ్లీ చదవొద్దు. నంబర్("1,25,000") ఇచ్చేది నాన్, అంటే సంఖ్య కాదు అని. పార్స్‌ఫ్లోట్ అయితే మొదటి కామా దగ్గర ఆగి చక్కగా 1 ఇస్తుంది. ఎర్రర్ రాదు, లక్షా పాతికవేల రేటు రూపాయి అవుతుంది. రేటు కొట్టే పెట్టెకు రెస్ట్రిక్ట్ "0-9." పెట్టండి, కామా కొట్టనే కొట్టలేరు. ఖాళీ పెట్టె సంగతి వేరే చూడాలి: నంబర్("") నాన్ కాదు, 0. ఎత్తు కొట్టడం మరిచిన బ్లాకు 0.000 అని బుద్ధిగా బిల్లులోకి ఎక్కేస్తుంది. లెక్కకు ముందే లెంగ్త్ సున్నా అయితే ఆపేయండి.

---

చీమకుర్తి_గెలాక్సీ:

ఎత్తు ఖాళీగా ఉన్న వరసలు పాత ఫైల్లో నాలుగు దొరికాయి. రెస్ట్రిక్ట్, లెంగ్త్ రెండూ పెట్టేశా. వాపసు బిల్లుకు 6583.5, -6583.5 ఇచ్చి చూస్తే ఇప్పుడు 6584, -6584 వస్తున్నాయి.