పాత లేజర్ ప్రింటర్‌కు మెమరీ పెంచాలి, ఏ ర్యామ్ కొనాలి?

నమస్కారం అండీ. కాకినాడలో ఇళ్ల ప్లాన్లు గీసే చిన్న ఆఫీసు మాది. పదేళ్లు దాటిన బ్లాక్ అండ్ వైట్ లేజర్ ప్రింటర్ ఉంది. బిల్లులు, ఉత్తరాలు ఎన్నయినా టకటకా ఇచ్చేస్తుంది. శాటిలైట్ ఫొటో మీద గీసిన సైట్ ప్లాన్ పంపితే మాత్రం సగం పేజీ దగ్గరే ఆగి, తర్వాతి కాగితం మీద మెమరీ చాలదని ఒక్క లైను అచ్చేస్తుంది.

కాన్ఫిగరేషన్ పేజీ తీసి చూస్తే 128 ఎంబీ అని ఉంది. 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కలు) నలుపు తెలుపు ఏ4 పేజీకి సుమారు 17 ఎంబీ చాలు. కానీ ఫాంట్లకీ, ఫొటో విప్పుకోవడానికీ అదే మెమరీ వాడుతుంది కదా, అక్కడే చిక్కు అనుకుంటున్నా. 600కి తగ్గిస్తే ప్రింట్ వస్తోంది, కానీ సన్న అంకెల్లో 3 ఏదో 8 ఏదో తెలియడం లేదు. కొలతల కాగితం మీద అది కుదరదు.

పక్క మూత తీస్తే ఒక స్లాట్ ఖాళీగా ఉంది. మాన్యువల్ ప్రకారం 144 పిన్నుల డీడీఆర్2 రకం ర్యామ్ పెట్టాలి. మా కుర్రాడు పాత ల్యాప్‌టాప్ ర్యామ్ తెచ్చి నొక్కబోయాడు. దానికి 200 పిన్నులు! చెయ్యి పట్టుకుని ఆపాను.

సెకండ్ హ్యాండ్‌ది వేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? 256 చాలా, 512 వేయాలా? సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ సామాన్ల మార్కెట్) దొరుకుతుందా? కొత్తగా వేసింది ప్రింటర్ గుర్తించకపోతే డ్రైవర్‌లో కూడా ఏమైనా మార్చాలా?